గంటన్నర టైమ్ ఉన్నవాళ్లకు టార్కోవ్ గిట్టుబాటవుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఐటీ ఉద్యోగం, ఇంట్లో మూడేళ్ల పాప. రాత్రి తొమ్మిదిన్నరకు పాప పడుకున్నాక గంట, గంటన్నర మిగులుతుంది, అదీ వారంలో మూడు నాలుగు రోజులే. ఇంత తక్కువ టైమ్‌తో ‘ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్’ అనే కంప్యూటర్ గేమ్ కొంటే గిట్టుబాటవుతుందా, లేక రోజంతా ఆడే కుర్రాళ్ల చేతిలో చావడంతోనే సరిపోతుందా? డబ్బు ఎక్కువ పెట్టి పెద్ద ఎడిషన్ కొంటే టైమ్ ఏమైనా కలిసొస్తుందా అని కూడా అడిగారు.

బీటా రోజుల నుంచి, ఉద్యోగం చేసుకుంటూనే ఆడుతున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. గిట్టుబాటవుతుంది. కాకపోతే వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయన్నది ఈ ఆటకు పెద్దగా పట్టదు. కూర్చున్నాక ఎవరూ పిలవకుండా, లేవాల్సిన పని పడకుండా ఒకేసారి నలభై ఐదు నిమిషాలు దొరుకుతాయా? దొరికితే వారానికి ఐదు గంటలతోనూ టార్కోవ్ హాయిగా ఆడొచ్చు. దొరక్కపోతే వారానికి ఇరవై గంటలున్నా మిగిలేది చిరాకే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చెందిన బ్యాటిల్‌స్టేట్ గేమ్స్ తయారుచేసిన షూటర్ ఇది. 2017లో క్లోజ్డ్ బీటా మొదలైతే 1.0 వెర్షన్ 2025 నవంబర్ 15న వచ్చింది. మీ దగ్గరున్న తుపాకీ, ఆర్మర్, మందులు సర్దుకుని ఒక మ్యాప్‌లోకి దిగుతారు. దొరికింది ఏరుకుని, గడువులోగా బయటపడే చోటికి చేరాలి. దీన్నే రెయిడ్ అంటారు. బయటపడితే తెచ్చిందంతా మీది. చస్తే, సెక్యూర్ కంటైనర్ అనే చిన్న డబ్బాలో వేసుకున్నవి తప్ప దాదాపు అన్నీ పోయినట్టే. ఆకలి, దాహం, రక్తం కారడం, కాలు విరగడం అన్నీ లెక్కలోకొస్తాయి. మ్యాప్ మీద మీరెక్కడున్నారో చూపించే చుక్క కూడా ఉండదు.

ఇక టైమ్ సంగతి. ఫ్యాక్టరీ అనే మ్యాప్‌లో రెయిడ్ గడువు 20 నిమిషాలు, కస్టమ్స్‌లో 40, స్ట్రీట్స్ ఆఫ్ టార్కోవ్‌లో 50. చాలా రెయిడ్లు అంతదాకా సాగవు, పదిహేను ఇరవై నిమిషాల్లో చావో బతుకో తేలిపోతుంది. అయినా కూర్చునేముందు పూర్తి గడువు ఉంచుకునే కూర్చోవాలి, ఎందుకంటే పాజ్ లేదు. దానికి మ్యాచింగ్, లోడింగ్‌కు పట్టే నిమిషాలు, కిట్ సర్దుకునే టైమ్, తెచ్చిన సామాను స్టాష్‌లో, అంటే మీ సొంత గోదాములో, అమర్చే టైమ్ కలపండి. గంటన్నరలో కస్టమ్స్ రెయిడ్ ఒకటి నింపాదిగా, వీలుంటే ఇంకో చిన్నది. అంతకన్నా ఎక్కువ ఆశించి కూర్చుంటే రెండో రెయిడ్‌లో పది నిమిషాలు మిగిలుండగా గడియారం చూస్తూ పరిగెడతారు, ఆ పరుగు శబ్దానికే ఎవడో కాల్చేస్తాడు.

ఒక టాస్క్ ఉదాహరణగా చెప్తాను, టైమ్ ఎక్కడ ఖర్చవుతుందో తెలుస్తుంది. ప్రాపోర్ అనే ట్రేడర్ (ఆటలో సామాను అమ్మే, పనులు అప్పగించే మనిషి) తొలిరోజుల్లో ఇచ్చే వాటిలో ‘డెలివరీ ఫ్రమ్ ద పాస్ట్’ ఒకటి. కస్టమ్స్‌లో బిగ్ రెడ్ అని పిలిచే ఎర్ర గోదాములో, ఒక ఆఫీసు గదిలో పత్రాల ఫోల్డర్ ఉంటుంది. దాన్ని తీసుకుని బతికి బయటపడాలి. ఆ తర్వాత ఫ్యాక్టరీకి వెళ్లి అక్కడొక గదిలో దాచి, మళ్లీ బతికి బయటపడాలి. చదివితే పావుగంట పనిలా ఉంటుంది. కానీ కస్టమ్స్‌లో మీరు దిగే పక్కను బట్టి బయటపడే దారి మారుతుంది, మామూలుగా దిగిన వైపుకి ఎదురు వైపు. బిగ్ రెడ్ పక్కనే దిగారనుకోండి, రెండు మూడు నిమిషాల్లో ఫోల్డర్ చేతికొస్తుంది. చాలా సంతోషం. అక్కణ్ణుంచి నది దాటి, కన్‌స్ట్రక్షన్ బిల్డింగ్ దగ్గర జనం కాచుకుని కూర్చునే చోటు తప్పించుకుని, మ్యాప్ ఆ చివరన ఉన్న జెడ్‌బీ-1011 బంకర్ దాకా నడవాలి. అదే ఎదురు పక్కన దిగితే ఫోల్డర్ కోసం మ్యాప్ అంతా దాటి రావాలి, కానీ తీసుకున్నాక క్రాస్‌రోడ్స్ అనే దారి దగ్గర్లోనే ఉంటుంది. తొందరపడాల్సిన పనిలేదు. మిగతావాళ్లు డార్మ్స్ అనే హాస్టల్ బిల్డింగుల దగ్గర కొట్టుకు చచ్చేదాకా ఒక పొదలో కూర్చుని, శబ్దాలు తగ్గాక మెల్లగా వెళ్లొచ్చు.

అంటే అదే టాస్క్ ఒక రాత్రి సులువు, ఇంకో రాత్రి కష్టం. అది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నదల్లా దిగిన మొదటి నిమిషంలో ‘ఈ వైపు దిగాను కాబట్టి ఈ రాత్రికి ఇది అయ్యే పని’ అని తేల్చుకోవడం. టైమ్ తక్కువ ఉన్నవాడు నేర్చుకోవాల్సిన మొట్టమొదటి విద్య ఇదే. రోజుకు ఆరు గంటలు ఆడేవాడికి ఈ విచక్షణ అంతగా అక్కర్లేదు, ఇది పోతే ఇంకోటి అంటాడు. మనకు ఆ రాత్రికి ఉన్నది ఒకటే.

రోజంతా ఆడేవాళ్ల మీద మీ భయం సగమే నిజం. తలకు 35, ఛాతీకి 85, ఒళ్లంతా కలిపి 440 హెల్త్ పాయింట్లు. మొదటి లెవెల్ వాడికీ, యాభయ్యో లెవెల్ వాడికీ ఇంతే. లెవెల్ పెరిగితే ప్రాణం పెరగదు. ముఖం మీద తగిలిన ఒక్క తూటాకు వాడూ పడిపోతాడు, మీరూ పడిపోతారు. ఎక్కువ ఆడేవాడికి పెరిగేవి వేరే ఉన్నాయి. పరిగెత్తే దమ్ము, తుపాకీ కుదుపు కాస్త తగ్గడం లాంటి స్కిల్స్, ట్రేడర్ల దగ్గర మంచి తూటాలు కొనుక్కునే హక్కు. ఈ చివరిది నిజంగా పెద్ద తేడా. టార్కోవ్‌లో తుపాకీ కన్నా అందులో వేసే తూటా ముఖ్యం. బరువైన ఆర్మర్ వేసుకున్నవాడి ఛాతీ మీద నాసిరకం తూటాలు మ్యాగజైన్ మొత్తం గుమ్మరించినా వాడు తిరిగి చూసి మిమ్మల్ని లేపేస్తాడు.

దీనికి పాతకాపులు వాడే చిట్కాలు ఉన్నాయి. ఆర్మర్ కాళ్లను కాపాడదు. దూసుకుపోయే గుణం లేకపోయినా ఒంటికి ఎక్కువ నష్టం చేసే చవక తూటాలు, షాట్‌గన్ బక్‌షాట్ కాళ్ల మీద కొడితే కోటి రూబుళ్ల కిట్ వేసుకున్నవాడైనా కూలబడతాడు. లేదంటే మోసిన్ రైఫిల్. పాతకాలపు బోల్ట్ యాక్షన్, ఒక్కో తూటాకు ఒకసారి బోల్ట్ లాగాలి, కానీ చవక. దాని తూటా తలకు తగిలితే చాలా హెల్మెట్లు ఆపలేవు. టైమ్ లేనివాళ్లకు మోసిన్‌ను మించిన స్నేహితుడు లేడని నా అభిప్రాయం. పోయినా కడుపు మండదు.

ఇప్పుడు చాలామంది చెప్పని సంగతికి వస్తాను. టార్కోవ్‌లో కొన్ని పనులు మీరు ఆడినా ఆడకపోయినా నిజమైన గడియారం ప్రకారం నడుస్తుంటాయి. హైడౌట్ అని మీకొక బంకర్ ఉంటుంది. అందులో వర్క్‌బెంచ్ మీద తూటాలు, మెడ్ స్టేషన్‌లో మందులు తయారీకి పెట్టి కంప్యూటర్ ఆపేయొచ్చు. మర్నాడు రాత్రి మీరొచ్చేసరికి సిద్ధం. కొంచెం ఎదిగాక బిట్‌కాయిన్ ఫామ్ కూడా అంతే, మీరు ఆఫీసులో మీటింగ్‌లో కూర్చున్నప్పుడు అక్కడ నాణేలు పోగవుతుంటాయి. ఇన్సూరెన్స్ చేసిన తుపాకీ రెయిడ్‌లో పోతే, దాన్ని ఎవరూ ఎత్తుకుపోకపోతే, కొన్ని గంటల తర్వాత ట్రేడర్ తిరిగి పంపిస్తాడు. రోజుకు పది రెయిడ్లు ఆడేవాడు ఈ గంటల కోసం ఎదురుచూడాలి. రెండ్రోజులకోసారి వచ్చే మీకు లాగిన్ కాగానే మెసేజ్‌లలో తుపాకీలు, బెంచ్ మీద తూటాలు రెడీగా ఉంటాయి. ఆడిన గంటకు వచ్చే రాబడి చూస్తే ఈ విషయంలో మీదే పైచేయి.

స్కావ్ సంగతీ అంతే. స్కావ్ అంటే ఆట ఇచ్చే ఏదో ఒక పాత తుపాకీ, చిరిగిన కోటు వేసుకున్న మనిషిగా రెయిడ్ మధ్యలో దిగడం. చస్తే మీ సొత్తు ఏదీ పోదు, బతికితే ఏరుకొచ్చిందంతా మీది. ఒకసారి ఆడాక మళ్లీ ఆడటానికి కొంతసేపు ఆగాలి, అదే కూల్‌డౌన్. ఎక్కువ ఆడేవాళ్లు దీని కోసం దిక్కులు చూస్తుంటారు, మీకు మాత్రం కూర్చున్న ప్రతిసారీ స్కావ్ సిద్ధం. పైగా రెయిడ్ మధ్యలో దిగుతారు కాబట్టి మిగిలిన గడువూ తక్కువే. రాత్రి పదకొండుకు ఇంకో అరగంటే ఉందనుకుంటే మీ అసలు మనిషిని కదపకండి, స్కావ్‌గా ఒక చుట్టు చుట్టి రండి. సాటి స్కావ్‌లను కాల్చకండి, ఫెన్స్ అనే ట్రేడర్ దగ్గర పరపతి పోయి కూల్‌డౌన్ పెరుగుతుంది.

రెండు జాగ్రత్తలు. జనరేటర్ ఆన్‌లో వదిలేసి ఊరెళ్తే ఇంధనం ఖాళీ అయ్యి బంకర్ చీకటైపోతుంది. ఇన్సూరెన్స్ సామాను మెసేజ్‌లో వచ్చాక కొన్ని రోజుల్లో తీసుకోకపోతే అదీ పోతుంది.

ఇలాంటిదే అనుకుని ‘రస్ట్’ ఆడాలనుకుంటే మాత్రం వద్దనే చెప్తాను. ఫేస్‌పంచ్ వాళ్ల ఆట అది, మంచి ఆటే. కానీ అక్కడ మీరు కట్టుకున్న కోట మీరు నిద్రపోతున్నప్పుడు కూడా సర్వర్‌లో నిలబడే ఉంటుంది. తెల్లారి చూస్తే గోడలు పగలగొట్టి పెట్టెలన్నీ ఊడ్చుకుపోయి ఉంటారు. ప్రతి నెలా మొదటి గురువారం సర్వర్లన్నీ తుడిచిపెట్టడం వేరే. ఉద్యోగస్తుడు అక్కడ ఒంటరిగా బతకడం కష్టం. టార్కోవ్‌లో మీ స్టాష్‌ను మీరు లేనప్పుడు ఎవరూ ముట్టుకోరు. నెల తర్వాత వచ్చినా పెట్టిన తుపాకీ పెట్టినట్టే ఉంటుంది. టైమ్ లేనివాళ్లకు ఈ ఒక్క తేడా చాలు.

మరి తక్కువ ఆడితే నష్టమే లేదా అంటే ఉంది. చేతి అలవాటు కన్నా ముందు మ్యాప్ జ్ఞాపకం పోతుంది. నెల రోజుల గ్యాప్ తర్వాత వచ్చి చూడండి, ఏ తలుపు వెనక మెట్లున్నాయో, ఏ కిటికీ నుంచి రోడ్డు కనపడుతుందో మసకబారిపోతుంది. అందుకే మీలాంటివాళ్లు ఒకే మ్యాప్ పట్టుకుని ఉండాలి. మొదట గ్రౌండ్ జీరో. 2023 డిసెంబర్‌లో వచ్చిన చిన్న మ్యాప్ ఇది, తక్కువ లెవెల్ వాళ్లను అందులో పెద్ద లెవెల్ వాళ్లతో కలపరు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు కస్టమ్స్ ఒక్కటే. తొలి టాస్కులు చాలావరకు అక్కడే ఉంటాయి. ఖాళీ రోజున ఆఫ్‌లైన్ ప్రాక్టీస్ పెట్టుకుని, శత్రువులు లేకుండా ఆ మ్యాప్‌లో ఊరికే నడవండి. డార్మ్స్ రెండంతస్తుల బిల్డింగ్ ఏది, మూడంతస్తులది ఏది, కొత్త గ్యాస్ స్టేషన్ నుంచి నదికి ఎటు పోవాలి, ఇవి కాళ్లకు తెలియాలి. ఫోన్‌లో మ్యాప్ బొమ్మ చూస్తూ ఆడేవాడు తల దించినప్పుడే చస్తాడు.

పాతరోజుల్లో ఇంకో బాధ ఉండేది, వైప్. దాదాపు ఆరు నెలలకోసారి అందరి లెవెల్స్, సామాను, టాస్కులు సున్నా అయ్యేవి. మెల్లగా ఆడేవాడు సగం దాకా వచ్చేసరికి అంతా తుడిచేసేవారు. చివరి టాస్క్ పూర్తిచేస్తే ఇచ్చే కప్పా అనే సెక్యూర్ కంటైనర్ లాంటివి మనకు అందని ద్రాక్షే. అవంటే మోజు ఉంటే ఇప్పుడే వదిలేసుకోండి. ‘కలెక్టర్’ అనే చివరి టాస్క్ దాకా వెళ్లడం ఉద్యోగం మానేసినవాళ్ల పని. ఫ్లీ మార్కెట్, అంటే ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునే సంత, చాలాకాలం 15వ లెవెల్‌కు తెరుచుకునేది. అక్కడిదాకా రావడం మీకు సరిపోయే లక్ష్యం.

సామాను పోతుందన్న భయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తక్కువ ఆడేవాళ్లలో ఇది ముదిరిపోతుంది. వారంలో నాలుగే రెయిడ్లు కాబట్టి ప్రతి చావూ పెద్దదనిపిస్తుంది. మంచి తుపాకీ దొరికితే ‘తర్వాత వాడదాం’ అని దాచుకుంటారు. పెళ్లికి కొన్న పట్టుచీరలా అది బీరువాలోనే ఉండిపోతుంది. మీకు నేను చెప్పేది ఒక్కటే, మీరు ఎప్పుడూ వాడగలిగేంత చవక కిట్ ఒకటి ఖాయం చేసుకోండి. ట్రేడర్ల దగ్గర నేరుగా దొరికే తుపాకీ, మధ్యరకం ఆర్మర్, ఒక హెడ్‌సెట్, రక్తం ఆపేవి, నొప్పి మాత్రలు. దీన్ని ప్రీసెట్‌గా సేవ్ చేసుకుంటే ప్రతిసారీ విడివిడిగా వెతుక్కునే పని తప్పుతుంది. ఆదివారం మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు స్టాష్ సర్దుకుని ఇలాంటివి నాలుగు సిద్ధం చేసి పెట్టుకోండి. అది రెయిడ్ కాదు కాబట్టి మధ్యలో పాప లేచినా ఫర్వాలేదు. మామూలు రోజుల్లో లాగిన్ అయిన రెండో నిమిషానికి మ్యాచింగ్‌లో ఉండాలి. స్టాష్‌లో పెట్టెలు జరుపుతూ నలభై నిమిషాలు గడిపేసి ‘ఈ రోజు ఆడటానికి టైమే లేదు’ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

చెవుల గురించి మీరు అడగలేదు, కానీ మీ పరిస్థితికి అన్నిటికన్నా ముఖ్యం అదే. ఈ ఆట సగం కళ్లతో, సగం చెవులతో ఆడాలి. పక్కగదిలో గాజుపెంకుల మీద అడుగు, పొద కదిలిన చప్పుడు, దూరంగా బోల్ట్ లాగిన శబ్దం, బతికేది వీటితోనే. ఆటలో మనిషికి పెట్టే హెడ్‌సెట్ కూడా చిన్న శబ్దాలను పెంచి వినిపిస్తుంది. రెండు చెవులూ మూసుకుంటే పాప ఏడుపు వినపడదు, ఒక చెవి తెరిచి ఉంచితే శత్రువు ఏ పక్కనున్నాడో తెలియదు. ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ‘ఈ ముప్పావుగంట పాప లేస్తే నువ్వు చూడు, రేపు నీకు ముప్పావుగంట’ అన్న ఒప్పందం లేకుండా రెయిడ్‌లోకి దిగొద్దు. పాప ఏడిస్తే లేవండి, కిట్ పోతే పోయింది. కానీ అది వారానికి మూడుసార్లు జరిగితే ఆట మీద కన్నా ఇంట్లోవాళ్ల మీద విసుగొస్తుంది, అది మంచిది కాదు.

హైదరాబాద్, విజయవాడ నుంచి ఆడేవాళ్లకు లాంచర్‌లో ఆటోమేటిక్ వదిలేయకుండా సర్వర్లను చేత్తో ఎంచుకోమని చెప్తాను. సింగపూర్ సర్వర్ పింగ్ (సిగ్నల్ వెళ్లొచ్చే ఆలస్యం) సాధారణంగా ఆడుకునేలా ఉంటుంది. కరెంటు పోయే ఇల్లైతే కంప్యూటర్‌కు, రౌటర్‌కు రెంటికీ యూపీఎస్ పెట్టుకోండి. కనెక్షన్ తెగితే మళ్లీ చేరొచ్చు కానీ ఆలోగా మీ మనిషి అక్కడే కొయ్యబొమ్మలా నిలబడి ఉంటాడు.

మోసగాళ్ల గురించి కూడా అడుగుతారు కాబట్టి: ఉన్నారు. మోసాలు పట్టే బ్యాటిల్ఐ సాఫ్ట్‌వేర్ రక్షణ ఉన్నా ఉన్నారు. రోజుకున్న ఒక్క రెయిడ్ అలాంటివాడి చేతిలో పోతే ఒళ్లు మండుతుంది. దీనికి మందు పీవీఈ మోడ్. ఇందులో ఎదురొచ్చే శత్రువులంతా కంప్యూటర్ నడిపేవాళ్లే, సాధించిందేదీ వైప్ కాదు. 2024 ఏప్రిల్‌లో దీన్ని 250 డాలర్ల అన్‌హర్డ్ ఎడిషన్‌తో ముడిపెట్టి తెచ్చినప్పుడు పాత కొనుగోలుదారులు భగ్గుమన్నారు. కంపెనీ వెనక్కి తగ్గి ఎడ్జ్ ఆఫ్ డార్క్‌నెస్ అనే పాత ఖరీదైన ఎడిషన్ వాళ్లకు కూడా ఇచ్చింది, తర్వాత మిగతావాళ్లు విడిగా కొనుక్కునే వీలు కల్పించింది. అక్కడా పాజ్ ఉండదు, బాట్‌లు ఒక్కోసారి మనుషులకన్నా నిర్దయగా కాలుస్తాయి. కానీ టెన్షన్ ఒక మెట్టు తక్కువ. మీకు ముప్పావుగంట అప్పుడప్పుడే దొరుకుతుందంటే నేరుగా పీవీఈతో మొదలుపెట్టండి, నామోషీ ఏమీ లేదు.

అదీ కుదరదు, అరగంటకు మించి నా వల్ల కాదంటే ఎంబార్క్ స్టూడియోస్ 2025 అక్టోబర్‌లో తెచ్చిన ‘ఆర్క్ రెయిడర్స్’ చూడండి. రౌండ్ అరగంటలో అయిపోతుంది, చేతిలో ఏమీ లేకపోయినా ఉచిత కిట్‌తో దిగొచ్చు. టార్కోవ్ అంత లోతు ఉండదు, కానీ అరగంటకు అది న్యాయం చేస్తుంది.

ఇక ఎడిషన్ సంగతి. పెద్ద ఎడిషన్‌లో స్టాష్ పెద్దది, సెక్యూర్ కంటైనర్ పెద్దది, మొదట్లో కొంత సామాను అదనం. సర్దుకునే శ్రమ కొంత తగ్గే మాట నిజమే. కానీ మ్యాప్ నేర్చుకునే టైమ్ ఒక్క నిమిషం కూడా తగ్గదు, మీ అసలు ఖర్చు అక్కడే. అన్నిటికన్నా చవక ఎడిషన్ తీసుకోండి, తర్వాత కావాలంటే తేడా కట్టి పెంచుకోవచ్చు. మిగిలిన డబ్బు కంప్యూటర్ మీద పెట్టండి. ఆట ఎస్ఎస్‌డీలోనే ఉండాలి, మామూలు హార్డ్ డిస్క్ మీద లోడింగ్‌కే మీ రాత్రి సగం పోతుంది. 16 జీబీ ర్యామ్‌తో కస్టమ్స్ నడుస్తుంది కానీ స్ట్రీట్స్‌కు వెళ్తే ఆట తడబడుతుంది, దానికి 32 జీబీ ఉండాల్సిందే. మీ సిస్టమ్ వివరాలు పెడితే దేనికి ఎంత పెట్టాలో చెప్తాను.